తమ్ముడు బిష్కెక్‌ల (కిర్గిజ్‌స్థాన్) ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్. క్లాసులకు పోతలేడు, రూం దాటి వస్తలేడు. ఏం చేయాలె?

జగిత్యాల_అక్క
మా తమ్ముడు బిష్కెక్‌ల థర్డ్ ఇయర్. దసరా దాకా మంచిగనే ఉన్నడు. రోజు వీడియో కాల్ చేసి మెస్‌ల ఏం వండిన్రో చూపెట్టేటోడు. ఇప్పుడు కెమెరా బంద్. "నెట్ స్లో ఉందక్కా" అంటడు గానీ రాత్రి మూడింటికి ఆన్‌లైన్ కనబడ్తడు. అమ్మ "తిన్నవా" అంటే "తిన్న", నాన్న "చదువుతున్నవా" అంటే "ఆ". అంతే.
మొన్న వాని రూమ్మేట్ ఇన్‌స్టాల మెసేజ్ పెట్టిండు. "అక్కా, వీడు క్లాసులకు వస్తలేడు, పగలంతా పండుకునే ఉంటుండు, స్నానం గూడ చేస్తలేడు. నేను చెప్పిన్నని చెప్పకుండ్రి" అని.
నాన్న ఎకరంన్నర అమ్మి పంపిండు. ఈ సంగతి ఇంట్ల చెప్తే ఫోన్‌లనే తిడ్తడు. చెప్పకపోతే నాకు నిద్ర పడ్తలేదు. వాన్ని వాపస్ పిలవాల్నా? పిలిస్తే ఎన్ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) రూల్స్‌తోని చదువు పోతదా? కన్సల్టెన్సీ సార్‌ను అడిగితే "అందరికీ గట్లనే ఉంటది మేడం, ఎగ్జామ్స్ అయితే సెట్ అయితడు" అన్నడు. నాకైతే నమ్మబుద్ధి అయితలేదు.

కాకినాడ_కాజా
నమ్మకండి. హోమ్‌సిక్ అయినోడు ఫోన్ చేసి ఏడుస్తాడు, ఇంటికొస్తానంటాడు. వీడు మాటే మానేశాడు, స్నానం మానేశాడు. రెండూ ఒకటి కావండి.

మంచుపిట్ట
నేను బిష్కెక్‌లోనే ఫిఫ్త్ ఇయర్. మీ తమ్ముడి యూనివర్సిటీ కాదు గానీ పద్ధతి అన్నిచోట్లా ఒకటే కాబట్టి లోపల ఏం జరుగుతూ ఉండొచ్చో చెప్తాను.
ఇక్కడ క్లాసు ఎగ్గొడితే రిజిస్టర్‌లో ఎన్‌బీ అని ఆబ్సెంట్ పడుతుంది. ప్రతి ఎన్‌బీకీ అత్రబోత్కా చేయాలి, అంటే ఆ టాపిక్ చదువుకుని టీచర్ ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి అప్పజెప్పాలి. ఒకటీ రెండూ అయితే ఎవరైనా తీర్చుకుంటారు. పది దాటాక టీచర్ మొహం చూడాలంటే భయం, ఆ భయంతో ఇంకో క్లాసు పోతుంది, దానికి ఇంకో ఎన్‌బీ. అవి తీరకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. నా జూనియర్లలో బెడ్ దిగనివాళ్ళని చూశాను, వాళ్ళకి మందబుద్ధీ లేదు, ఒళ్ళుబద్ధకమూ లేదు. లెక్క పెరిగిపోయి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయారు.
పైగా థర్డ్ ఇయర్‌లోనే వార్డుకు తీసుకెళ్తారు. పాఠం ఇంగ్లీషులో, పేషెంటు మాట్లాడేది రష్యన్ లేదా కిర్గిజ్. మంచం మీదున్న అవ్వ కడుపునొప్పి గురించి ఐదు నిమిషాలు చెప్తుంది, నీకు అందులో "బలీత్", అంటే నొప్పి, ఒక్కటే అర్థమవుతుంది, టీచర్ నీ వైపు చూస్తాడు. ఆ ఐదు నిమిషాల్లో ఎన్నేళ్ళ ధైర్యమైనా కరిగిపోతుంది.
ఇక చలికాలం. బొగ్గు పొగతో ఊరంతా మసక, కిటికీ తెరిస్తే గొంతు మంట. ఐదు దాటగానే చీకటి. రూం దాటకపోవడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు.
ఒక చిన్న సంగతి, టైమ్ ఇక్కడ మనకన్నా అరగంటే ముందు. మీకు రాత్రి మూడంటే తమ్ముడికి మూడున్నర. అప్పటిదాకా మెలకువగా ఉంటున్నాడంటే రాత్రీ పగలూ తిరగబడ్డాయి.

పొలంగట్టు
నా కొడుకు గూడ అక్కడనే సెకండియర్. నేను ఒకటే చెప్త. పిల్లలకు ఫోన్లు ఎక్కువైనయ్. రాత్రంతా గేమ్‌లు, పగలంతా నిద్ర. నాన్నతోని గట్టిగ రెండు మాటలు చెప్పించుండ్రి, లేచి కూసుంటడు. ఎకరంన్నర అంటే మాటలా? వాపస్ పిలిస్తే ఊళ్ళె తలెత్తుకోలేరు.

ఖార్కివ్_నుంచి
పొలంగట్టు గారూ, గట్టిగా చెప్పించడం మా ఇంట్లోనూ జరిగింది, అందుకే రాస్తున్నాను.
2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యేసరికి ఉక్రెయిన్ ఖార్కివ్‌లో ఫోర్త్ ఇయర్ నేను. మెట్రో స్టేషన్ మెట్ల మీద పడుకున్నాం. మార్చి 1న సరుకుల కోసం క్యూలో నిలబడ్డ కర్ణాటక కుర్రాడు షెల్లింగ్‌లో పోయాడు, ఆ కబురు మాకు స్టేషన్‌లోనే తెలిసింది. మనవాళ్ళని వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగ ఫ్లైట్లో ఇల్లు చేరాను. ఊళ్ళో దండలేశారు, టీవీ వాళ్ళు మైకులు పెట్టారు. ఆ హడావుడి అయ్యాక "మరి చదువెలా, కట్టిన ఫీజెలా" అన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది ఇంట్లో. నిద్రపడుతోందా అని మా అమ్మమ్మ తప్ప ఎవరూ అడగలేదు.
తర్వాత, యుద్ధం వల్ల ఎన్ఎంసీ ప్రత్యేకంగా ఒప్పుకున్న అకడమిక్ మొబిలిటీ కింద వేరే దేశంలో చదువు పూర్తిచేశా. ఆన్‌లైన్‌లో గడిచిన కాలానికి బదులుగా ఇక్కడ ఇంటర్న్‌షిప్ పెరిగింది. నా బ్యాచ్‌లో కొందరికి రెండేళ్ళు, కొందరికి మూడేళ్ళు. చదువు ఆలస్యమైతే ఏమీ మునిగిపోదని ఇప్పుడు నిదానంగా చెప్పగలను. మనిషి నలిగిపోయాక మాత్రం గట్టిగా అరిచి ఎవరూ లేపలేరు.

పొలంగట్టు
మీది యుద్ధం బిడ్డా, అది వేరే. ఈ పిల్లగానికి ఏం యుద్ధం ఉన్నది?

మంచుపిట్ట
ఉంది బాబాయ్. 2024 మే 17 రాత్రి ఇక్కడ గుంపులు విదేశీ విద్యార్థుల హాస్టళ్ళ మీద పడ్డాయి. అంతకుముందు ఎవరి మధ్యో జరిగిన గొడవ వీడియో పాకింది, దాని కోపం మొత్తం విదేశీయుల మీదికి తిరిగింది. ఎక్కువ దెబ్బలు తిన్నది పాకిస్తాన్ పిల్లలు. మేం లైట్లు తీసేసి, బీరువా తలుపుకి అడ్డం పెట్టి, ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకుని కూర్చున్నాం. బయటికి రావద్దని ఎంబసీ చెప్పింది. ఈ తమ్ముడు అప్పుడు ఫస్ట్ ఇయర్ అయ్యుంటాడు. ఇంటికి ఏం చెప్పాడో గానీ, మా ఫ్లోర్‌లో పిల్లలంతా ఇంటికి చెప్పిన మాట "ఇక్కడ ఏం లేదమ్మా, మావైపు ప్రశాంతం" అనే. ఆ తర్వాత చాలాకాలం సాయంత్రం మార్షుత్కా (మినీ బస్సు) ఎక్కడానికి కూడా జంటగా వెళ్ళేవాళ్ళం.

జగిత్యాల_అక్క
మాకు గూడ గదే చెప్పిండు. "మా సైడ్ ఏం లేదు" అని.

తెల్లకోటు_వైజాగ్
సైకియాట్రీ పీజీ చేస్తున్నాను. ఫోన్ మీద విన్న దాన్నిబట్టి జబ్బు పేరు పెట్టను, ఎవర్నీ పెట్టనివ్వకండి కూడా. కానీ రెండు వారాలకు మించి నిద్ర తారుమారు, స్నానం లేదు, మనుషుల్ని తప్పించుకోవడం, చదువు ఆగిపోవడం, ఇవన్నీ ఒకేసారి వస్తే డాక్టర్‌కి చూపించాల్సిందే. తిట్టి సరిచేసే దశ దాటిపోయింది.
ఈరోజు ఫోన్ చేసినప్పుడు చదువు ఊసెత్తకండి. పరీక్షలు, ఫీజు, ఎఫ్ఎంజీఈ (విదేశాల్లో చదివొచ్చినవాళ్ళకి ఇక్కడ పెట్టే లైసెన్స్ పరీక్ష), ఏదీ వద్దు. "ఎప్పుడు పడుకుంటున్నావు, నిన్న ఏం తిన్నావు, ఆఖరిసారి ఎప్పుడు బయటికెళ్ళావు" అని అడగండి. జవాబు రాకపోయినా లైన్‌లోనే ఉండండి. మాట్లాడకుండా ఫోన్ పట్టుకుని కూర్చున్నా పర్లేదు.
తర్వాత అసలు ప్రశ్న సూటిగా అడగాలి. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?" ఈ మాట అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది జంకుతారు. అలా జరగదు. అడిగినవాళ్ళ దగ్గర బరువు దించుకుంటారు. అవునంటే కంగారుపడి అరవొద్దు, ఒట్లు వేయించుకోవద్దు. ఎలా అనుకున్నాడో, దగ్గర ఏమైనా పెట్టుకున్నాడో అడగండి. ఆ క్షణం నుంచి ఒంటరిగా ఉంచకూడదు. రూమ్మేట్‌కి చెప్పండి. అక్కడ అంబులెన్స్ 103.
మీకూ మాట్లాడే మనిషి కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, ఎప్పుడైనా చేయొచ్చు. ఆ నంబరు ఇక్కడినుంచి చేసేవాళ్ళకే, తమ్ముడి గురించి మీరు చేయండి. ఇంట్లోవాళ్ళు ఎలా మాట్లాడాలో కూడా చెప్తారు.

ఉల్లిపాయ_పెసరట్టు
రూమ్మేట్ "చెప్పకుండ్రి" అన్నాడుగా. ఇప్పుడు అడిగితే వాడిని ఇరికించినట్టు కాదా?

తెల్లకోటు_వైజాగ్
పేరు బయటపెట్టకుండానే అడగొచ్చు. "నీ గొంతులో తేడా తెలుస్తోందిరా" అంటే సరిపోతుంది, అది నిజమే కదా. ఆ రూమ్మేట్ మీద మాత్రం మొత్తం భారం వేయకండి. వాడికీ పరీక్షలున్నాయి, వాడికీ భయంగా ఉంటుంది. పక్క రూంలోవాళ్ళు ఇద్దరు ముగ్గురు వంతులేసుకుంటే నయం.

అర్ఖంగెల్స్క్_చలి
రష్యా ఉత్తరాన ఉంటాను. డిసెంబర్‌లో మాకు పగలు నాలుగ్గంటలు కూడా ఉండదు. లైబ్రరీలోంచి బయటికొచ్చేసరికి పొద్దుపోయి ఉంటుంది. మొదటి చలికాలం నాకూ మంచం దిగబుద్ధి అయ్యేది కాదు. మా సీనియర్ అక్క పెట్టిన రూల్ ఒకటే. పొద్దున వెలుతురు ఉన్న ఆ కాసేపూ, ఏం పని ఉన్నా లేకపోయినా, కోటు తొడుక్కుని కొట్టుదాకా నడిచి రావాలి. విటమిన్ డి పరీక్ష చేయించుకోమంది, చాలా తక్కువగా ఉందని తేలింది. మందులు వాడా. దాంతోనే అంతా తీరిపోతుందని చెప్పను గానీ నడక మాత్రం ఇప్పటికీ మానలేదు.

గోంగూర_గ్యాంగ్
మా రూంలో ఆవకాయ సీసా తెరిచిన రోజు తలుపు కొట్టేవాళ్ళు ఎక్కువ. కమెందాంత్ (హాస్టల్ వార్డెన్) ఆంటీ కూడా ముక్కు ఎగబీల్చి "ఎటా ష్టో (ఇదేంటి)?" అంటూ వచ్చేస్తుంది. ఊరికే చెప్పట్లేదు, ఒంటరిగా పడుకున్న వాడిని లేపాలంటే "రా, మాట్లాడుకుందాం" అంటే రాడు. "వేడన్నం, ముద్దపప్పు, ఆవకాయ ఉంది, గిన్నె నువ్వు తెచ్చుకో" అంటే వస్తాడు. ఆ అన్నం దగ్గరే మాటలు వస్తాయి. రూమ్మేట్‌కి ఈ సంగతి చెప్పండి అక్కా.

రూల్స్_చదివినోడు
ఎన్ఎంసీ ప్రశ్నకి జవాబు ఎవరూ ఇవ్వలేదు కాబట్టి నేనే రాస్తున్నా. 2021 నవంబర్ 18న వచ్చిన ఫారిన్ మెడికల్ గ్రాడ్యుయేట్ నిబంధనలు మీ తమ్ముడికి వర్తిస్తాయి. చదువు 54 నెలలకు తగ్గకూడదు. తర్వాత అదే యూనివర్సిటీలో 12 నెలల ఇంటర్న్‌షిప్. ఇండియాకొచ్చాక ఇక్కడ మళ్ళీ 12 నెలలు. చేరిన రోజు నుంచి పదేళ్ళలోపు అయిపోవాలి. థర్డ్ ఇయర్‌లో ఉన్నాడంటే ఆరునెలలో ఏడాదో ఆగినా పదేళ్ళు దాటే ప్రమాదం లేదు.
కొంప ముంచేవి వేరే ఉన్నాయి. "ఇంటికి తీసుకెళ్ళండి, జూమ్‌లో క్లాసులు వినమనండి, అటెండెన్స్ మేం చూసుకుంటాం" అని ఎవరైనా ఏజెంట్ చెప్తే ఒప్పుకోకండి. ఆన్‌లైన్ చదువుని ఎన్ఎంసీ లెక్కలోకి తీసుకోదు, తర్వాత రిజిస్ట్రేషన్ దగ్గర పట్టుకుంటారు. అలాగే మధ్యలో ఇంకో దేశానికో, ఇంకో యూనివర్సిటీకో మారిస్తే తేలిక అని చెప్పేవాళ్ళుంటారు. చదువంతా ఒకే సంస్థలో జరగాలన్నది రూలు.
కాబట్టి ఆపాలనుకుంటే అకడమిక్ లీవ్ తీసుకోవాలి. ఆ దేశాల యూనివర్సిటీల్లో ఇది మామూలే, ఆరోగ్య కారణం చూపి దెకనాత్‌లో (డీన్ ఆఫీసులో) దరఖాస్తు పెడతారు. చెప్పకుండా విమానం ఎక్కేస్తే పేరు తీసేస్తారు, అప్పుడు నిజంగానే చదువు పోతుంది.

పొలంగట్టు
ఆ లీవ్ తీసుకుంటే కట్టిన ఫీజు పోతదా, మల్ల కట్టాల్నా?

రూల్స్_చదివినోడు
యూనివర్సిటీనిబట్టి ఉంటుంది బాబాయ్. దెకనాత్‌లో అడిగి కాగితం మీద రాయించుకోవాలి. ఏజెంట్ నోటిమాట మీద పోవద్దు.

నెల్లూరు_రొయ్య
ఎఫ్ఎంజీఈ భయం గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? 2023 జూన్‌లో పదిమందిలో ఒక్కరే గట్టెక్కారు. 300 ప్రశ్నల్లో 150 రావాలి. అదే ఉంటుందా, దాని బదులు నెక్స్ట్ అనే కొత్త పరీక్ష వస్తుందా అన్నది మా బ్యాచ్ మొదలైనప్పట్నుంచీ తేలలేదు. కన్సల్టెన్సీ గ్రూపులో రోజూ ర్యాంకర్ల ఫొటోలు, "మీరెక్కడున్నారు?" అని కింద ఎర్రక్షరాలు. సెకండియర్ పిల్లలకి ఎందుకండీ ఆ పోస్టర్లు? నేను ఆ గ్రూపు మ్యూట్ చేశాక సగం గుండెదడ తగ్గింది.

ఖార్కివ్_నుంచి
పెళ్ళిళ్ళలో "ఏ దేశం డాక్టరమ్మా?" అని అడిగే బంధువుల్ని మ్యూట్ చేయడానికి బటన్ ఉంటే ఇంకా బాగుండేది. మెస్ దగ్గరనుంచి పాస్ శాతం దాకా ఆ ప్రశ్నలన్నీ పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి. వాళ్ళు ఇంటికి నిజం చెప్పకపోవడానికి అదొక కారణం.

కాకినాడ_కాజా
జగిత్యాల అక్కా, చలి ఎక్కువని రూం హీటర్ ఏదైనా కొనుక్కోమని చెప్పేరు, జాగ్రత్తండి. కరెంటు హీటర్ ఫరవాలేదు. బయట అద్దె ఇళ్ళల్లో గ్యాసు, బొగ్గు పొయ్యిలు పెట్టుకుని తలుపులు బిగించి పడుకునేవాళ్ళున్నారు. 2024 డిసెంబర్‌లో జార్జియా గుడౌరీలో రెస్టారెంట్ పైగదుల్లో పడుకున్న పన్నెండుమంది కార్బన్ మోనాక్సైడ్‌కి పోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. దానికి వాసన ఉండదు. పొద్దున తలనొప్పి, మత్తు, లేవలేకపోవడం ఉంటే అదీ ఒకసారి చూడాలి.

తెల్లకోటు_వైజాగ్
మంచి మాట. హాస్టల్‌లో ఉన్నాడా, బయట ఉన్నాడా?

జగిత్యాల_అక్క
హాస్టలే, పైపుల వేడి నీళ్ళ హీటింగు. ఆ భయం లేదు.
రాత్రి మాట్లాడిన. మీరు చెప్పినట్టే చదువు ముచ్చట తీయలే. మొదట "ఏం లేదక్కా" అన్నడు. నేను ఫోన్ పెట్టకుంట ఊకున్న. ఎంతసేపటికో ఏడుసుడు వినబడ్డది. వార్డుల పేషెంటు ముందట ఒక టీచర్ వీని రష్యన్ విని నవ్విండట, మిగిలినోళ్ళు గూడ నవ్విన్రట. మర్నాటి నుంచి ఆ సబ్జెక్టుకు పోవుడు బంద్ చేసిండు. తర్వాత అన్నీ బంద్ అయినయ్. ఎన్‌బీలు ఎన్నున్నయో లెక్క గూడ తెల్వదన్నడు. "నాన్న పొలం తింటున్న అక్కా" అన్నడు.
అడగాల్సింది గూడ అడిగిన. జర సేపు ఊకున్నడు. "అప్పుడప్పుడు అనిపిస్తది, చేసుకోను" అన్నడు. నా కాళ్ళు వణుకుతున్నయ్ ఇంక.

తెల్లకోటు_వైజాగ్
మీరు చాలా పెద్ద పని చేశారు. "చేసుకోను" అన్నాడని వదిలేయకూడదు, అలాగని అరగంటలో ప్రళయం వచ్చినట్టూ చేయకూడదు. ఈ రాత్రి రూంలో ఎవరో ఒకరు తోడుండాలి. నిద్రమాత్రలు, బ్లేడ్లలాంటివి రూంలో లేకుండా తీయించండి. రేపు డాక్టర్ దగ్గరికి. భాష ఇబ్బంది కాబట్టి రష్యన్ బాగా వచ్చిన సీనియర్‌ని తోడు పంపాలి. మందులు రాస్తే భయపడకండి. డిప్రెషన్ మందులకు బానిసలైపోతారన్నది అపోహ. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, సొంతంగా ఆపేయకూడదు, అంతే.
నాన్నకి చెప్పే సమయం వచ్చింది.

మంచుపిట్ట
తోడు నేను వెళ్తాను. హాస్టల్ పేరు ఇక్కడ రాయకండి, ప్రైవేట్ మెసేజ్ పెట్టండి. మా వార్డుల్లో రోజూ మాట్లాడతాను కాబట్టి డాక్టర్‌కి సరిగ్గా చెప్పగలను. వాళ్ళ గ్రూప్ స్టారొస్తాని (క్లాస్ లీడర్‌ని) కూడా కలుస్తాను, ఎన్‌బీల లెక్క ఆ అమ్మాయి దగ్గరే ఉంటుంది. లెక్క తెలిస్తే సగం భయం పోతుంది.

జగిత్యాల_అక్క
నాన్నకు ఎట్ల చెప్పాలె? అమ్మకు ముందు చెప్పనా?

పొలంగట్టు
నేను చెప్త. సదువు ఆపుడు నాకు ఇప్పటికీ ఇష్టం లేదు, సెమిస్టర్ పోగొట్టుకోకుంట చూడాలె. గానీ నాన్నకు దాసుడు పెద్ద తప్పు. అమ్మిన పొలం మేము ఎట్లనో సదురుకుంటం బిడ్డా, అప్పులు మాకు కొత్త గాదు. పిల్లగాడు రాత్రిళ్ళు ఏడ్సుకుంట పండుకుంటుండని నలుగురికి తెలిసి నాన్నకు తెల్వకపోతే ఆ మనిషి ఏమైతడు? పొద్దున చాయ్ తాగినంక, ఇంట్ల ఎవలు లేనప్పుడు చెప్పు. "పరీక్ష తప్పిండు" అని మొదలువెట్టకు. "తమ్ముని పానం మంచిగ లేదు" అని మొదలువెట్టు. పానం అంటే ఏ తండ్రైనా కూసుని ఇంటడు.

ఉల్లిపాయ_పెసరట్టు
పొలంగట్టు గారితో ఇప్పటిదాకా ఒక్కదానికీ ఒప్పుకోలేదు, దీనికి పూర్తిగా ఒప్పుకుంటున్నా.

అర్ఖంగెల్స్క్_చలి
నేనూ. ఒకటి కలపండి. పొలం గురించి బాధపడొద్దని నాన్నే తన నోటితో తమ్ముడికి చెప్పాలి. అక్క చెప్తే ఓదార్పు అనుకుంటాడు.

జగిత్యాల_అక్క
చెప్పిన. నాన్న తిట్టలే. లేచి పోయి బాయికాడ కూసున్నడు, వచ్చినంక "వాన్ని రమ్మను, పొలం సంగతి నేను చూస్త" అన్నడు. తనే ఫోన్ చేసిండు. ఏం మాట్లాడుకున్నరో నాకు తెల్వదు, తమ్ముడు ఆ రాత్రి మెస్‌ల తిన్నడని రూమ్మేట్ చెప్పిండు.
మంచుపిట్ట చెల్లె డాక్టర్ దగ్గరికి తోలుకపోయింది. మందులు రాసిండ్రు. ఇంటికాడ కొన్నాళ్ళు ఉంటే మంచిదన్నడట. మా సొంత బాబాయి పోయి తీసుకొస్తనంటుండు. పోయేముందు ఏమేం కాగితాలు తీసుకోవాలె?

రూల్స్_చదివినోడు
డాక్టర్ సర్టిఫికెట్, దాంతో అకడమిక్ లీవ్ దరఖాస్తు. దెకనాత్ ఇచ్చే ఆర్డర్ కాపీలో లీవ్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో ఉండాలి. ఇప్పటిదాకా పాసైన సబ్జెక్టుల ట్రాన్స్‌క్రిప్ట్ అడగండి. వీసా గడువు చూసుకోండి, లీవ్‌లో ఉంటే మళ్ళీ వెళ్ళేటప్పుడు ఏం కావాలో యూనివర్సిటీ విదేశీ విభాగంలో ముందే కనుక్కోండి. ప్రతిదానికీ రౌండ్ స్టాంపు ఉండాలి, అక్కడ స్టాంపు లేని కాగితం కాగితమే కాదు.

తెల్లకోటు_వైజాగ్
మందుల పేర్లు ఇంగ్లీషులో రాయించుకోండి, అక్కడి బ్రాండ్ పేర్లు ఇక్కడి మెడికల్ షాపులో తెలియవు. ఇక్కడికొచ్చేదాకా సరిపడా మాత్రలు తెచ్చుకోవాలి, మధ్యలో గ్యాప్ రాకూడదు. జగిత్యాల, కరీంనగర్‌లలో ఎక్కడ చూపించాలన్నా టెలీ మానస్‌వాళ్ళు దగ్గర్లోని చోటు చెప్తారు.

మంచుపిట్ట
స్టారొస్తా దగ్గర లెక్క తీశాం. ఎన్‌బీలు తమ్ముడు భయపడినంత లేవు. లీవ్‌కి ముందే తీర్చగలిగినవి రెండు సబ్జెక్టులవి ఉన్నాయి, ఆ టీచర్లు ఒప్పుకున్నారు. మిగతావి వచ్చాక చూసుకోవచ్చు. వార్డు రష్యన్ నేను నేర్పిస్తానన్నాను. నొప్పి ఎక్కడ, ఎప్పట్నుంచి, జ్వరం ఉందా, ఈ మూడు ప్రశ్నలతో మొదలుపెట్టాం. బాబాయి వచ్చేది బుధవారమా, గురువారమా? ఎయిర్‌పోర్ట్‌కి ఎవరు వెళ్ళాలో చూసుకోవాలి.

జగిత్యాల_అక్క
గురువారం, ఢిల్లీ మీదికెల్లి. టైమ్ ప్రైవేట్‌ల పెడ్త.

గోంగూర_గ్యాంగ్
బాబాయితో ఆవకాయ పంపండి, రూమ్మేట్‌కి. సీసా వద్దు, కవర్ మీద కవర్ వేసి డబ్బాలో పెట్టి చెక్-ఇన్ బ్యాగులో.